ఐదో మనిషి

మొన్న అప్రైజల్ మీటింగ్‌లో మా మేనేజరు ఒక ప్రశ్న అడిగాడు. “ఇంతకీ నీ కోర్ ఏరియా ఏంటి?” అని.

చెప్పలేకపోయాను. పదిహేడేళ్ళ ఉద్యోగంలో డేటాబేస్ రాశాను, స్క్రీన్లు రాశాను, బిల్డ్ స్క్రిప్టులు రాశాను, ఎవడో వదిలేసి వెళ్ళిన పెర్ల్ కోడ్‌ని రాత్రి రెండింటికి లేచి బతికించాను. ఏ ప్రాజెక్టులో ఏ మనిషి మానేసినా ఆ ఖాళీలో నన్నే కూర్చోబెట్టారు. తీరా ప్రమోషన్ల దగ్గరకొచ్చేసరికి “అన్నీ చేస్తాడు గానీ, దేంట్లో ఎక్స్‌పర్ట్ అని చెప్పాలి?” అన్న మాటొకటి. మీలో కూడా కొంతమంది ఈ మాట వినే ఉంటారు.

ఆ సాయంత్రం ట్రాఫిక్‌లో కూర్చుని ఆర్.ఇ.ఎం. పాటలు వింటుంటే స్కాట్ మెకాయ్ గుర్తొచ్చాడు. ఈయన కథ ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నాను. ఇప్పుడు సమయం వచ్చినట్టుంది.

మనలో చాలామందికి రాక్ సంగీతమంటే ఇంజినీరింగ్ హాస్టల్లో పక్క రూమువాడు పరీక్షల ముందు రాత్రి పెట్టిన గోల. కాబట్టి ముందు కొంచెం నేపథ్యం. తెలిసినవాళ్ళు రెండు పేరాలు దాటేయొచ్చు.

ఇండీ రాక్ అంటే పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడి లేకుండా చిన్న చిన్న స్వతంత్ర లేబుళ్ళ మీద పుట్టిన సంగీతం. 1980లలో అమెరికాలో ఊరికో చిన్న లేబుల్, ఊరికో నాలుగు బ్యాండ్లు. పెద్ద రేడియో స్టేషన్లు వీళ్ళ పాటలు వెయ్యవు. కాలేజీ పిల్లలు నడుపుకునే రేడియోలు వేస్తాయి. ఒక వ్యాన్ వేసుకుని ఊరూరా తిరిగి బార్లలో వాయించి, రాత్రికి ఎవరింట్లోనో నేలమీద పడుకోవడం. మన భాషలో చెప్పాలంటే ఫండింగ్ రాని స్టార్టప్పులు. ఈ దారిలోంచే బయల్దేరి ప్రపంచ ప్రసిద్ధమైన బ్యాండ్ ఆర్.ఇ.ఎం. 1980లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్ళో మొదలైంది. మైకేల్ స్టైప్ పాడతాడు, పీటర్ బక్ గిటార్, మైక్ మిల్స్ బేస్, బిల్ బెర్రీ డ్రమ్స్. నలుగురు. ఈ ‘నలుగురు’ అన్న లెక్క గుర్తుపెట్టుకోండి.

స్కాట్ మెకాయ్ ఈ నలుగురిలో లేడు. ఆయన కథ ఖండానికి అవతలి మూల, సియాటిల్‌లో మొదలవుతుంది. కాలిఫోర్నియా నుంచి అక్కడికి చేరి 1981లో స్నేహితుడు చక్ కారల్‌తో కలిసి ‘యంగ్ ఫ్రెష్ ఫెలోస్’ అనే బ్యాండ్ పెట్టాడు. మొదటి ఆల్బమ్ 1984లో వచ్చింది. దాన్ని రికార్డు చేసిన కాన్రాడ్ ఊనో ఇంట్లోనే ‘ఎగ్’ అనే స్టూడియో నడిపేవాడు, ‘పాప్‌లామా’ అనే చిన్న లేబుల్ కూడా ఆయనదే. స్కాట్ అందులో పాడేవాడు, బేస్ వాయించేవాడు, పాటలు రాసేవాడు. తర్వాత్తర్వాత గిటార్‌కి మారాడు, కీబోర్డు కూడా పట్టాడు. ఏది అవసరమైతే అది.

ఫెలోస్‌వి నవ్వించే పాటలు. గట్టిగా, వేగంగా, కొంచెం కొంటెగా ఉంటాయి. అప్పట్లో వాళ్ళకి ఎంత పేరంటే, ‘దే మైట్ బి జెయింట్స్’ అనే మరో బ్యాండ్ 1990లో తెచ్చిన ‘ఫ్లడ్’ ఆల్బమ్‌లోని ఒక పాటలో వీళ్ళ పేరు వస్తుంది. తోటి సంగీతకారులు పాటలో పేరు పెట్టేంత ఇష్టపడ్డారు కానీ జనం మాత్రం కొనేంత ఇష్టపడలేదు. ఇది ఈయన కెరీర్ అంతా వెంటాడిన విషయం.

తర్వాత 1991 వచ్చింది. నిర్వాణా ‘నెవర్‌మైండ్’ సెప్టెంబర్‌లో విడుదలైంది, సియాటిల్ రాత్రికి రాత్రి ప్రపంచ రాక్ రాజధాని అయిపోయింది. పెద్ద కంపెనీల మనుషులు చెక్కు పుస్తకాలతో దిగారు. ఫెలోస్ తొలి రికార్డు చేసిన ఎగ్ స్టూడియోలోనే మడ్‌హనీ బ్యాండ్ 1991లో పేరున్న ఆల్బమ్ రికార్డు చేసింది. అంటే గోల్డ్ రష్ జరుగుతున్న వీధిలోనే స్కాట్ పదేళ్ళుగా ఉన్నాడు. కానీ అందరికీ కావలసింది గంభీరమైన, బాధతో అరిచే పాటలు. ఈయన దగ్గరున్నవి నవ్వులు. రైలు స్టేషన్లో ఆగింది, ఈయన ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు, ఎక్కలేదు. డాట్‌కామ్ కాలంలో ఇలాంటివాళ్ళని మనం చాలామందినే చూశాం.

ఇక్కడితో కథ అయిపోవచ్చు. పదేళ్ళు వాయించాం, రాలేదు, ఇంక వేరే పని చూసుకుందాం అనుకోవచ్చు. ఆయన చేసింది వేరు. పోటీ పడటం మానేసి కలుపుకోవడం మొదలుపెట్టాడు.

అప్పటికి పీటర్ బక్ సియాటిల్‌కి మకాం మార్చాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1993లో స్కాట్ ‘మైనస్ ఫైవ్’ అని కొత్త బ్యాండ్ పెట్టాడు. బక్, ఇంకా ‘పోసీస్’ బ్యాండ్ నుంచి కెన్ స్ట్రింగ్‌ఫెలో, జాన్ ఆవర్ చేరారు. ఈ బ్యాండ్‌కి ఒక తమాషా నియమం: స్కాట్ తప్ప ఇంకెవరూ శాశ్వతం కాదు. ఎవరు ఊళ్ళో ఉంటే, ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళే ఆ రోజు బ్యాండ్. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులాగా అనుకోండి. ఒక మెయింటెయినర్ ఉంటాడు, మిగతావాళ్ళు వస్తారు, నాలుగు ప్యాచ్‌లు ఇస్తారు, పోతారు. 2003లో షికాగో బ్యాండ్ విల్కో మొత్తం వచ్చి వీళ్ళతో కలిసి ఒక ఆల్బమే చేసింది. దాని పేరు ‘డౌన్ విత్ విల్కో’!

ఇంతలో అసలు మలుపు. ఆర్.ఇ.ఎం. 1989 తర్వాత టూర్ చెయ్యలేదు. టూర్ లేకుండానే 1991లో, 1992లో వచ్చిన రెండు ఆల్బమ్‌లూ లక్షల మీద లక్షలు అమ్ముడుపోయాయి. 1995 జనవరిలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మొదలుపెట్టి ప్రపంచమంతా తిరగాలని ప్లాన్ వేసుకున్నారు. అప్పుడొచ్చింది ఒక సాంకేతిక సమస్య. స్టూడియోలో ఒక మనిషి పదిసార్లు వాయించి పది పొరలు పేర్చొచ్చు. ఒక గిటార్ మీద ఇంకో గిటార్, దానిమీద ఆర్గాన్, దానిమీద పియానో. స్టేజి మీద మాత్రం ఎవరికైనా రెండే చేతులు. మైక్ మిల్స్ కీబోర్డు దగ్గరికి వెళ్తే బేస్ ఎవరు పట్టుకోవాలి? రికార్డులో వినబడే రెండో గిటార్ ఎవరు వాయించాలి? జవాబుగా ఇద్దర్ని అదనంగా తీసుకున్నారు. అందులో ఒకడు స్కాట్.

ఈ పని బయటి నుంచి తేలిగ్గా కనబడుతుంది గానీ కాదు. ఒక వాద్యం వాయించేవాడు తన భాగం నేర్చుకుంటే చాలు. ఈయన పాట మొత్తం నేర్చుకోవాలి. పాటలో ఎక్కడ ఖాళీ ఉందో వినాలి. ఈ పాటకి గిటార్, తర్వాతి పాటకి కీబోర్డు, దాని తర్వాతిదానికి బేస్, మధ్యలో వెనకనుంచి గొంతు కలపాలి. అన్నిటికంటే కష్టమైనది, ఏం వాయించకూడదో తెలియడం. ముందున్న మనిషి పాడుతుంటే దాని మీద పడకుండా, అలాగని లేనట్టు కాకుండా ఉండాలి. మన కచేరీల్లో మంచి పక్కవాద్యం విన్నవాళ్ళకి ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ టూర్లోనే, 1995 మార్చి 1న, స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో బిల్ బెర్రీ స్టేజి మీద ఉండగా మెదడులో రక్తనాళం దెబ్బతింది. ఆపరేషన్ అయింది, బతికాడు, తిరిగొచ్చి టూర్ కూడా పూర్తి చేశాడు. కానీ 1997 అక్టోబర్లో బ్యాండ్ నుంచి శాశ్వతంగా తప్పుకున్నాడు. నలుగురు ముగ్గురయ్యారు. స్కాట్ అలాగే ఉన్నాడు. 1995 టూర్‌తో మొదలై 2011 సెప్టెంబర్ 21న బ్యాండ్ విడిపోతున్నామని ప్రకటించే కాలం దాకా ఆయన వాళ్ళతో పనిచేస్తూనే ఉన్నాడు. టూర్లలో ఉన్నాడు, స్టూడియోలో ఉన్నాడు, ఆల్బమ్ వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్నాడు. అధికారికంగా మాత్రం బ్యాండ్ మెంబర్ కాదు. పదహారేళ్ళు క్లయింట్ సైట్‌లో పనిచేసిన కన్సల్టెంట్, చివరిదాకా బ్యాడ్జి రంగు వేరే!

అన్నట్టు, ఈ పదహారేళ్ళలో ఆయన ఖాళీగా ఉన్న రోజులు కూడా ఖాళీ కాదు. 1997లో ఒక టూర్ జరిగింది. సంగీతకారులు ఏడుగురు. మార్క్ ఐట్జెల్ అనే గాయకుడు, మైనస్ ఫైవ్, టువటారా. పోస్టర్ మీద మూడు పేర్లు. స్టేజి మీద మాత్రం అన్నిటికీ అదే ఏడుగురు! సీట్లు మార్చుకుని కూర్చోవడమే. తర్వాత ఇంగ్లాండ్ గాయకుడు రాబిన్ హిచ్‌కాక్‌కి ‘వీనస్ త్రీ’ పేరుతో బక్, బిల్ రీఫ్లిన్, స్కాట్ కలిసి వాయించారు. 2006లో ఆల్బమ్ వచ్చింది. ఈ రీఫ్లిన్ కూడా అదే జాతి మనిషి. మినిస్ట్రీ, ఆర్.ఇ.ఎం., కింగ్ క్రిమ్సన్... ఎక్కడ మనిషి కావాలంటే అక్కడ. 2020 మార్చిలో పోయాడు.

ఇక నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 2007 మార్చిలో న్యూయార్క్‌లో ఆర్.ఇ.ఎం.ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. తీసుకున్నది నలుగురిని. స్టైప్, బక్, మిల్స్, ఎప్పుడో పదేళ్ళ క్రితం మానేసిన బెర్రీ. పన్నెండేళ్ళుగా వెనక నిలబడి వాయిస్తున్న స్కాట్ ఆ జాబితాలో లేడు. న్యాయమా అంటే న్యాయమే. ఆ పాటలు పుట్టించింది ఆ నలుగురే, ఎవరూ కాదనరు. అయినా మీరో నేనో ఆయన స్థానంలో ఉంటే ఆ రాత్రి ఏం చేసేవాళ్ళం? నా సంగతి చెప్తాను. మూల టేబుల్ దగ్గర ప్లేటు పట్టుకుని, అందరికీ కంగ్రాట్స్ చెప్పి, ఇంటికొచ్చి రెజ్యూమే అప్‌డేట్ చేసుకునేవాణ్ణి.

స్కాట్ ఏం చేశాడంటే, ఆ సంబరాల పార్టీలో స్టీవ్ విన్ అనే మరో సంగీతకారుడితో బేస్‌బాల్ కబుర్లలో పడ్డాడు. ఇద్దరూ ఆ ఆట పిచ్చోళ్ళే. మాటల్లో మాటగా, అసలు మొత్తం బేస్‌బాల్ మీదే పాటలు రాస్తే ఎలా ఉంటుంది అనుకున్నారు. అలా ‘బేస్‌బాల్ ప్రాజెక్ట్’ అనే బ్యాండ్ పుట్టింది. డ్రమ్స్‌కి లిండా పిట్‌మన్, ఇంకా మన పీటర్ బక్. తర్వాత మైక్ మిల్స్ కూడా వచ్చి చేరాడు. హాల్ ఆఫ్ ఫేమ్ మనుషులిద్దరు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు లేని వాడి బ్యాండ్‌లో!

2008లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ నేను చాలాసార్లు విన్నాను. గెలిచినవాళ్ళ భజన కాదది. హార్వీ హాడిక్స్ మీద ఒక పాట ఉంది. 1959 మే 26న ఈ పిట్స్‌బర్గ్ బౌలర్ (వాళ్ళ భాషలో పిచర్) పన్నెండు ఇన్నింగ్స్ పాటు అవతలివాళ్ళలో ఒక్కణ్ణి కూడా బేస్ చేరనివ్వలేదు. సాధారణంగా తొమ్మిదితో ఆట అయిపోతుంది. కానీ ఆయన టీమ్ వాళ్ళు ఒక్క పరుగు చెయ్యలేకపోయారు, పదమూడో ఇన్నింగ్స్‌లో ఓడిపోయాడు. 1991లో నిబంధన మార్చి ఆ ఆటని రికార్డు జాబితా నుంచి కూడా తీసేశారు.

కర్ట్ ఫ్లడ్ మీద ఇంకో పాట. అప్పట్లో ఆటగాడు ఒక టీమ్‌తో సంతకం పెడితే ఇక జీవితాంతం వాళ్ళ సొత్తే, వాళ్ళు ఎక్కడికి అమ్మితే అక్కడికి పోవాలి. 1969లో తనని వేరే ఊరికి మార్చేస్తే ఫ్లడ్ వెళ్ళనన్నాడు, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీం కోర్టులో ఓడిపోయాడు. కెరీర్ పోయింది. మూడేళ్ళ తర్వాత ఆ పద్ధతి కూలిపోయింది, లాభం మాత్రం తర్వాతి తరానికి దక్కింది. హెచ్-1బీ మీద కంపెనీకి కట్టుబడి ఉన్నవాళ్ళకి ఈ పాట అర్థం చెప్పక్కర్లేదు. ఇలాంటి మనుషుల పాటల ఆలోచన, నలుగురికి పట్టాభిషేకం జరిగిన సందర్భంలో, ఐదో మనిషి పక్కన పుట్టడం నాకైతే కాకతాళీయంలా అనిపించదు.

ఇంతవరకూ చదివి “బావుంది, మనం కూడా అందరికీ సాయం చేసుకుంటూ హాయిగా బతికేద్దాం” అనుకుంటే కొంచెం ఆగండి. ఇదే పనికి ఇంకో ముగింపు కూడా ఉంది.

విల్కో అన్నాను కదా, అందులో జే బెన్నెట్ అని ఒకడుండేవాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ‘టైటానిక్ లవ్ అఫైర్’ అనే చిన్న బ్యాండ్ నుంచి వచ్చాడు. విల్కోలో చేరే నాటికి వీసీఆర్‌లు రిపేరు చేసే ఉద్యోగం. గిటార్, పియానో, ఆర్గాన్, ఏది చేతికిచ్చినా వాయిస్తాడు, పైగా రికార్డింగ్ మెషీన్లన్నీ విప్పి బిగించగలడు. 1999 నాటి ‘సమర్‌టీత్’ ఆల్బమ్‌లోని ఆ పొరలు పొరల శబ్దంలో ఈయన చెయ్యి చాలా ఉంది. 2001లో ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ రికార్డింగ్‌లో నాయకుడు జెఫ్ ట్వీడీతో పొసగలేదు, బయటికి పంపేశారు. ఆ ఆల్బమ్ 2002లో వచ్చి విల్కోకి గొప్ప పేరు తెచ్చింది. ఆ గొడవ మొత్తం ఒక డాక్యుమెంటరీలో కూడా ఉంది, చూడాలంటే చాలా ఇబ్బందిగా ఉంటుంది. ప్రతి ఆఫీసులోనూ జరిగే మీటింగే అది.

బెన్నెట్ తర్వాత సొంతంగా ఆల్బమ్‌లు చేశాడు. తుంటి కీలు పాడైంది, మార్పిడి ఆపరేషన్ కావాలి. 2009 వసంతంలో ఆయనే రాసుకున్నాడు, ఇది పాత జబ్బు కాబట్టి తన ఇన్సూరెన్స్ వర్తించదని. ఆ మే 24న, నలభై అయిదేళ్ళ వయసులో, నొప్పి తగ్గడానికి వాడే ఫెంటనిల్ మోతాదు మించి పోయాడు. పాత జబ్బు ఉందన్న సాకుతో బీమా నిరాకరించకూడదన్న చట్టం 2010లో వచ్చింది, పెద్దవాళ్ళకి 2014 నుంచి అమలైంది. ఆయనకి అందలేదు. అన్నీ వాయించగల మనిషి, ఏ ఒక్కచోటా జీతం పట్టీలో లేని మనిషి. ‘కోర్ ఏరియా’ లేకపోవడానికి ఒక్కోసారి కట్టాల్సిన ధర ఇది.

ఇప్పుడు మళ్ళీ స్కాట్ దగ్గరకి. 2017లో స్లీటర్-కినీ బ్యాండ్ గాయని కొరిన్ టకర్, బక్, స్కాట్ కలిసి ‘ఫిల్తీ ఫ్రెండ్స్’ పేరుతో మొదటి ఆల్బమ్ తెచ్చారు. ఆ నవంబర్లో అలెహాంద్రో ఎస్కోవేడో అనే గాయకుడి టూర్లో వాయిస్తూ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండగా స్కాట్‌కి పక్షవాతం వచ్చింది. మామూలుగా కాదు, భాషే పోయింది. అఫేజియా అంటారు. మనసులో ఉన్నది మాటగా రాదు, నోటికొచ్చిన మాట అనుకున్నది కాదు. ముప్ఫై ఆరేళ్ళుగా పాటలు రాస్తున్న మనిషికి మాట పోయింది.

ఆయన ఊరు అప్పటికి పోర్ట్‌లాండ్. 2018 జనవరిలో అక్కడ ఆయన వైద్యానికి డబ్బు పోగు చెయ్యడానికి కచేరీలు పెట్టారు. బక్ వచ్చాడు, మిల్స్ వచ్చాడు, ఎస్కోవేడో వచ్చాడు, ఇన్నేళ్ళలో ఎవరెవరి పక్కన నిలబడి వాయించాడో వాళ్ళలో చాలామంది వచ్చారు. ఆన్‌లైన్‌లో అభిమానులూ చందాలు వేశారు. హాల్ ఆఫ్ ఫేమ్ జాబితా వేరు, ఈ జాబితా వేరు. చిన్న అక్షరాల్లో ఉన్న పేరు కోసం పెద్ద అక్షరాల వాళ్ళు వచ్చి వాయించారు. (ఒక మనిషి ఆసుపత్రి ఖర్చులకి కచేరీలు పెట్టాల్సిన దేశం గురించి నా అభిప్రాయం వేరే రాస్తాను. అది ఇక్కడ మొదలుపెడితే తెగదు.)

ఆసుపత్రి మంచం మీద ఆయన కాగితాల మీద ఏవో మాటలు రాసుకుంటూ ఉండేవాడు. పొంతన లేని మాటలు. వాక్యం ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది. కోలుకున్నాక వాటిని సరిదిద్దలేదు. వాటినే పాటలు చేశాడు. 2019లో మైనస్ ఫైవ్ పేరుతో ‘స్ట్రోక్ మేనర్’ ఆల్బమ్ వచ్చింది. పాత పాటలు మళ్ళీ నేర్చుకున్నాడు. 2020లో యంగ్ ఫ్రెష్ ఫెలోస్ కొత్త ఆల్బమ్ తెచ్చింది. 2023లో బేస్‌బాల్ ప్రాజెక్ట్ ఇంకో ఆల్బమ్ తెచ్చి టూర్‌కి వెళ్ళింది. దాని నిర్మాత మిచ్ ఈస్టర్, అంటే నలభై ఏళ్ళ క్రితం, 1983లో, ఆర్.ఇ.ఎం. మొదటి ఆల్బమ్ నిర్మించిన ఇద్దరిలో ఒకడు. 1981లో మొదలైన కెరీర్. పేరు మోసిన బ్యాండ్లు వచ్చాయి, విడిపోయాయి. ఈయన ఇంకా వాయిస్తున్నాడు.

నాకు అర్థమైనంతలో, స్కాట్‌కీ బెన్నెట్‌కీ తేడా ప్రతిభలో లేదు. ప్రతిభ మాటకొస్తే బెన్నెట్ ఒక మెట్టు ఎక్కువేనేమో కూడా. బెన్నెట్ బరువంతా ఒక్కచోట పెట్టాడు, ఆ ఒక్కచోట నుంచి పంపేశారు. స్కాట్ ఎప్పుడూ ఒకే చోట లేడు. ఇంకొకరి పాటకి పక్కవాద్యం వాయించే రోజుల్లో కూడా తను రాసుకునే పాటలకి ఇంకో గది ఉంచుకున్నాడు. పదహారేళ్ళు ఐదో మనిషిగా ఉండగలిగింది వినయం వల్ల మాత్రమే కాదు, ఇంకోచోట తను మొదటి మనిషి కావడం వల్ల. మనం సాధారణంగా మొదటి సగం చేస్తాం, రెండో సగం వదిలేస్తాం. అందరి బగ్గులూ సర్దుతాం, మనదంటూ ఒక్క ప్రోగ్రామ్ ఉండదు. అప్పుడు అప్రైజల్‌లో అడిగిన ప్రశ్నే మన మొత్తం బతుకు మీద తీర్పులా వినిపిస్తుంది.

మేనేజరు ప్రశ్నకి జవాబు ఇంకా ఇవ్వలేదు. శుక్రవారం లోపల ఫారం నింపాలి. ‘కోర్ ఏరియా’ అన్న గడిలో ఏం రాయాలో తేలలేదు గానీ, నాలుగేళ్ళ క్రితం మొదలుపెట్టి డిస్కులో పారేసిన నా సొంత ప్రోగ్రామొకటి ఉంటే నిన్న రాత్రి తీసి కంపైల్ చేశాను. నలభై ఏడు ఎర్రర్లు వచ్చాయి. ఈ ఆదివారం వాటితో సరిపోతుంది.